నిలబడే చోటే పడక: పెంపుడు చిలకల నిద్ర, పాదాల గురించి పాఠకుల ప్రశ్నలు

పెంపుడు చిలకలు ఎలా నిద్రపోతాయి, వాటి పాదాలను ఎలా చూసుకోవాలి అని అడుగుతూ వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. పంజరంలో ఉన్న పక్షికి ఈ రెండూ వేరు కావు. పగలు నిలబడే కర్రే రాత్రికి దాని పడక.

ప్రశ్న: మా కాకటీల్ రాత్రిళ్లు ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతుంది. రెండో కాలు ఈకల్లోకి లాక్కుంటుంది. ఆ కాలికి నొప్పేమోనని భయంగా ఉంది. అలా నిలబడితే నిద్రలో పడిపోదా?

జవాబు: భయపడాల్సింది లేదు. ఒంటికాలి మీద నిద్రపోవడం ఆరోగ్యంగా ఉన్న పక్షి అలవాటు. కాళ్ల మీద ఈకలు ఉండవు కాబట్టి ఒంట్లో వేడి అటునుంచి బయటికి పోతుంది. ఒక కాలు పొట్ట ఈకల్లో దాచుకుంటే ఆ వేడి నిలుస్తుంది, దాచుకున్న పాదం సేద తీరుతుంది. తల వెనక్కి తిప్పి వీపు ఈకల్లో ముక్కు దూర్చడం, నిద్రకు ముందు ముక్కును కిరకిరమని నూరడం కూడా హాయిగా ఉన్నప్పుడు చేసేవే.

పడిపోదు కూడా. చిలక పాదంలో రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి ఉంటాయి కాబట్టి కర్రను రెండు వైపుల నుంచీ పట్టుకుంటుంది. వేళ్లను ముడిచే టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మోకాలు, మడమ కీళ్ల మీదుగా కిందికి దిగుతాయి. కాలు మడిచి ఒంటిని దాని మీద దించుకున్నప్పుడు అవి బిగువెక్కి, పట్టుకు కండరాలు పడాల్సిన శ్రమ తగ్గుతుంది. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి: నిద్రలో కండరానికి విశ్రాంతి దొరుకుతుంది గానీ, బరువు మోస్తున్న అరికాలి చర్మానికి దొరకదు. చిలకల పాదాలకు వచ్చే ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం ఇదే.

నొప్పి ఉందో లేదో తేల్చుకోవాలంటే నాలుగైదు రాత్రులు ఏ కాలు ఎత్తుతోందో రాసిపెట్టుకోండి. మారుస్తూ ఉంటే మంచిదే. ఎప్పుడూ అదే కాలు ఎత్తుతున్నా, పగలు మెలకువగా ఉన్నప్పుడు కూడా ఆ కాలు కింద ఆనించకపోయినా, మీ వేలి మీద ఎక్కించుకున్నప్పుడు రెండు పాదాల పట్టులో తేడా తెలిసినా డాక్టరుకు చూపించాలి. ఒంటికాలి నిద్ర కన్నా అనుమానించాల్సింది వేరే ఉంది: పట్టపగలు ఒళ్లంతా ఈకలు ఉబ్బించుకుని, రెండు కాళ్లూ ఆనించి, కళ్లు మూసుకుని కూర్చునే పక్షి. పంజరం అడుగుకు దిగి పడుకునే పక్షి సంగతి ఇంకా తొందరైనది, ఆ రోజే చూపించండి.

ప్రశ్న: మా ఆఫ్రికన్ గ్రే పంజరంలో మూడు కర్రలూ ఒకే మందం, నున్నగా ఉంటాయి. గోళ్లు అరుగుతాయని ఒకదానికి గరుకు కాగితం తొడుగు వేశాం. ఈ మధ్య రెండు అరికాళ్లలోనూ గులాబీ రంగు మచ్చ కనబడింది, అక్కడ చర్మం మెరుస్తోంది. తిండి దాదాపు పొద్దుతిరుగుడు గింజలే. ఏం చేయాలి?

జవాబు: ఇది బంబుల్‌ఫుట్ అనే పాదపు జబ్బుకు మొదటి మెట్టు. మీరు సరైన సమయంలో చూశారు, ఈ దశలో చాలావరకు పంజరం, తిండి సరిదిద్దితే చాలు.

ఆరోగ్యంగా ఉన్న అరికాలు నున్నగా ఉండదు. దాని మీద సన్నటి బొడిపెలు దగ్గరదగ్గరగా ఉంటాయి. కర్ర మీద పట్టు నిలిచేదీ, బరువు ఒకచోట పడకుండా పంచుకునేదీ అవే. పక్షి రోజంతా ఒకే మందమున్న కర్ర పట్టుకుంటే ఒత్తిడి ఎప్పుడూ అవే నాలుగు చుక్కల మీద పడుతుంది. అక్కడ రక్తప్రసరణ తగ్గుతుంది, బొడిపెలు అరిగిపోతాయి, చర్మం పలచబడి మెరుస్తుంది. తరువాతి మెట్టులో గోధుమరంగు పెచ్చు కట్టి చుట్టూ వాస్తుంది. ఆపైన పగిలి, చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫిలోకాకస్ లాంటి బాక్టీరియా లోపలికి దిగి, టెండన్లనూ ఎముకనూ పట్టుకుంటుంది. అంతవరకూ వెళ్తే నెలల తరబడి వైద్యం, కొన్నిసార్లు ఆపరేషన్ కూడా.

ముందు ఆ గరుకు కాగితం తీసేయండి, ఇవాళే. గోళ్ల కొనలు కర్రను పెద్దగా తాకవు, తాకేది అరికాలు. కాబట్టి అరిగేదీ అరికాలే.

తరువాత కర్రలు. పక్షి నిలబడినప్పుడు ముందు వేళ్లు, వెనక వేళ్లు కలిసి కర్ర చుట్టుకొలతలో మూడింట రెండు వంతులు కప్పాలి. ముందు గోళ్లు వెనక గోళ్లను తాకుతుంటే కర్ర సన్నం. బడ్జీలకు 1 నుంచి 1.5 సెంటీమీటర్ల మందం, కాకటీల్‌కు 1.5 నుంచి 2.5, గ్రేకి 2.5 నుంచి 4, పెద్ద మకావ్‌కు 4 నుంచి 6 దాకా సరిపోతుంది. ఒక్క కొలత చెప్పకుండా ఇంత వెడల్పుగా చెప్పడానికి కారణం ఉంది. పాదానికి కావలసింది ‘సరైన’ మందం కాదు, మారుతూ ఉండే మందం.

మీ గ్రేకి ఇలా అమర్చండి. అన్నిటికన్నా ఎత్తులో, నిద్రకోసం, బెరడుతో ఉన్న సహజమైన కొమ్మ, 3 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, మందం ఎగుడుదిగుడుగా ఉన్నది. చిలక రాత్రికి ఎత్తైన చోటే ఎంచుకుంటుంది, అందుకే పదీ పన్నెండు గంటలు నిలబడబోయే ఆ కర్ర అన్నిటికన్నా మంచిదై ఉండాలి. తిండి గిన్నె దగ్గర 2.5 సెంటీమీటర్ల కొమ్మ. ఇంకోచోట 3.5 లేదా 4. ఒక మూల 15 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవున్న చదును చెక్క పలక, వేళ్లు పూర్తిగా చాపి నిలబడ్డానికి. గోళ్లకోసం సిమెంటు లేదా ఖనిజపు కర్ర కావాలనుకుంటే ఒక్కటే, అదీ కిందిభాగంలో నీళ్ల గిన్నె దగ్గర. పక్షి అక్కడ కొద్ది నిమిషాలే ఉంటుంది కాబట్టి ప్రమాదం లేదు. ఒక కర్ర కింద ఇంకో కర్ర, కర్ర కింద గిన్నె వచ్చేలా మాత్రం పెట్టకండి, రెట్ట పడుతుంది. రెట్ట పడిన కర్ర మీద నిలబడే పలచని చర్మానికి పుండు త్వరగా పడుతుంది. రోజూ తడిగుడ్డతో తుడవాలి, వారానికోసారి కడిగి ఆరబెట్టాలి.

అన్నీ ఒకేరోజు మార్చకండి. గ్రేలు కొత్తవస్తువుకు బెదురుతాయి, బెదిరి పడితే రొమ్ము ఎముక మీది చర్మం చిట్లుతుంది. కొత్త కొమ్మను రెండు రోజులు పంజరం బయట కనబడేలా పెట్టి, తరువాత లోపల బిగించండి. మూడు నాలుగు రోజులకు ఒకటి చొప్పున చాలు.

తిండి విషయం తేలిగ్గా తీసుకునేది కాదు. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ కి ఆధారమయ్యే పదార్థాలు దాదాపు ఉండవు. విటమిన్ ఎ తక్కువైతే చర్మపు కణాలు సరిగా పెరగక అరికాలు మొరటుబారి పొలుసులు రాలుతుంది, తేలిగ్గా పగులుతుంది. కొవ్వు వల్ల బరువు పెరిగి అదే చర్మం మీద పడుతుంది. పెల్లెట్లకు (చిలకల కోసం తయారుచేసే గుళికల మేతకు) నెమ్మదిగా, కొన్ని వారాలు పట్టేలా మార్చండి. క్యారెట్, గుమ్మడి, ఉడికించిన చిలగడదుంప, ముదురాకుపచ్చ ఆకుకూరలు రోజూ కొద్దికొద్దిగా పెట్టండి. అవకాడో ఎప్పుడూ వద్దు, అది చిలకలకు విషం. మార్పు జరుగుతున్నన్నాళ్లూ ప్రతి ఉదయం గ్రాముల త్రాసులో బరువు చూడాలి. మొదటి బరువులో పదోవంతు తగ్గితే పాత తిండికి తిరిగి వెళ్లి డాక్టరును అడగండి. విటమిన్ ఎ చుక్కలు సొంతంగా వేయకండి, ఎక్కువైతే శరీరంలో పేరుకుని కాలేయానికి చేటు.

అరికాలికి పూతలేవీ వద్దు. జిడ్డు ఆయింట్‌మెంట్ ఈకలకు అంటుకుంటుంది, పక్షి ముక్కుతో తీసి మింగుతుంది. స్టిరాయిడ్ క్రీములు పక్షి చర్మం గుండా ఒంట్లోకి ఇంకి రోగనిరోధకశక్తిని దెబ్బతీస్తాయి. జింక్ ఉన్న క్రీములు, మొద్దుబారించే మందులు మింగితే విషమవుతాయి.

వారానికోసారి ఒకే వెలుతురులో అరికాళ్ల ఫొటో తీయండి. పక్షి పంజరం కడ్డీలు పట్టుకుని ఎక్కినప్పుడు బయటినుంచి స్పష్టంగా కనిపిస్తాయి, పట్టుకోవాల్సిన పని లేదు. రెండు వారాల్లో మచ్చ తగ్గుముఖం పట్టకపోయినా, పెచ్చు, వాపు, వేడి కనిపించినా ఇంట్లో ఆగకుండా వెళ్లండి. పెచ్చును మీరు పీకకండి. దాని కింద చీము గట్టిపడి ఉండొచ్చు, పక్షుల చీము పలచగా కారదు, జున్ను ముక్కలా గడ్డకట్టి ఉంటుంది, దాన్ని తీయాల్సింది డాక్టరే.

ప్రశ్న: పెరట్లో చెట్ల కొమ్మలు వాడొచ్చా? ఎలా శుభ్రం చేయాలి?

జవాబు: మందులు చల్లని చెట్టయితే వాడొచ్చు. జామ, వేప, యూకలిప్టస్, ఆపిల్, విల్లో మంచివి. గన్నేరు, అవకాడో, యూ చెట్టు వద్దు. ఏ చెట్టో పోల్చుకోలేకపోతే ఆ కొమ్మ జోలికి పోకండి. నేలరాలిన కొమ్మలకు బూజు పట్టి ఉంటుంది కాబట్టి చెట్టు మీదినుంచే కోయాలి. ఆకులు, బంక ఉన్న చోట్లు తీసేసి, బ్రష్షుతో రుద్ది కడగండి. లీటరు నీళ్లలో 30 మిల్లీలీటర్ల మామూలు ఇంటి బ్లీచ్ కలిపి పది నిమిషాలు నానబెట్టి, ధారగా పారే నీళ్లలో బాగా కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెట్టండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ వేరే శుభ్రపరిచే ద్రవం గానీ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. బెరడు ఉంచేయండి. పక్షి దాన్ని ఒలుచుకుంటుంది, అది దానికి పనీ ఆటా. నున్నబడ్డాక కొమ్మ మార్చండి.

ప్రశ్న: హాల్లో రాత్రి 11 దాకా టీవీ నడుస్తుంది. కాకటీల్ పంజరం అక్కడే. కొన్ని రాత్రులు లైటు తీశాక హఠాత్తుగా రెక్కలు కొట్టుకుంటూ కడ్డీలకు గుద్దుకుంటుంది. ఒకసారి రెక్క నుంచి రక్తం కూడా వచ్చింది.

జవాబు: ఇక్కడ రెండు చిక్కులున్నాయి. చిలకలకు 10 నుంచి 12 గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. పదకొండింటికి పడుకుని వెలుగుతోనే లేచే పక్షికి ఆరేడు గంటలే దొరుకుతాయి. నిద్ర చాలని చిలక అరుస్తుంది, కరుస్తుంది, కొన్నయితే తమ ఈకలే పీక్కుంటాయి. దీర్ఘంగా వెలుగు ఉండటం వల్ల ఆడపక్షుల్లో గుడ్లు పెట్టే కోరిక కూడా రేగుతుంది. పంజరాన్ని టీవీ లేని గదికి మార్చండి. వీలుకాకపోతే నిద్రకు మాత్రమే వేరే చిన్న పంజరం లోపలి గదిలో పెట్టి, సాయంత్రం ఒకే వేళకు అందులోకి మార్చండి. వంటగది మాత్రం వద్దు. అంటుకోని పూత ఉన్న పెనం అతిగా వేడెక్కితే వచ్చే పొగ చిలకలను నిమిషాల్లో చంపుతుంది.

రెండోది రాత్రి బెదురు. కాకటీల్‌లకు ఇది మిగతా చిలకల కన్నా ఎక్కువ. కదిలే నీడ, వాహనం లైటు, ఎగిరే పురుగు, పిల్లి అడుగు, ఏదైనా చాలు. చీకట్లో ఏ వైపు ఏముందో కనబడక గుద్దుకుంటుంది. గదిలో పంజరానికి దూరంగా మసక బెడ్‌లైటు ఉంచండి. గుడ్డ కప్పితే మూడు వైపులే కప్పి, ఒక వైపు గాలి ఆడేలా వదలండి. పూర్తిగా కప్పితే బెదురు పెరగొచ్చు. నిద్ర కర్ర చుట్టుపక్కల వేలాడే బొమ్మలు రాత్రికి తీసేయాలి.

బెదిరినప్పుడు ముందు లైటు వేయండి. చేయి లోపల పెట్టకుండా నెమ్మదిగా మాట్లాడుతూ ఊరడించండి. అది శాంతించాకే రెక్కలు, తోక, కాళ్లు చూడండి. అప్పుడే మొలుస్తున్న ఈకలో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది, విరిగితే బొటబొటా కారుతుంది. మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) అద్ది, శుభ్రమైన గుడ్డతో రెండు నిమిషాలు కదలకుండా ఒత్తి ఉంచండి. పది నిమిషాలు దాటినా ఆగకపోతే రాత్రి అని చూడకుండా బయల్దేరాలి.

ప్రశ్న: గ్రీన్ చీక్ కొన్యూర్‌కు పడుకోవడానికి గుడ్డతో కుట్టిన గుడారం కొనమంటున్నారు. మంచిదేనా?

జవాబు: మేం వద్దనే చెబుతాం. కొన్యూర్లు దాన్ని నమిలి పోగులు మింగుతాయి, అవి మేతసంచిలో ఉండకట్టి అడ్డుపడతాయి. ఊడిన దారం మెడకో వేలికో బిగుసుకుంటుంది. చీకటి గూడులాంటి చోటు ఉంటే గూడు కాపాడుకునే స్వభావం మేల్కొని చేతులు కరుస్తాయి. పంజరం ఎత్తైన మూలలో ఒక మంచి కొమ్మ, మూడు వైపులా నీడ, అంతే చాలు. ఈ జాతిలో కొన్ని వెల్లకిలా పడుకుంటాయి, చూసి కంగారుపడకండి.

తాడుతో చేసిన కర్రలు వాడేవారికీ ఇదే మాట: వేళ్లకు మెత్తగా ఉంటాయి, కానీ వారానికోసారి చూసి ఊడిన పోగులన్నీ కత్తిరించాలి. వేలికి పోగు చుట్టుకుని ఆ పై భాగం ఉబ్బి నల్లబడుతుంటే అది గంటల్లో తేలాల్సిన విషయం.

ప్రశ్న: గోళ్లు ఇంట్లోనే కత్తిరించొచ్చా?

జవాబు: అవసరమైతేనే. చదును బల్ల మీద నిలబెట్టండి. గోళ్ల పొడవు వేలిని పైకి లేపుతుంటే, లేక గోళ్లు గుడ్డల్లో చిక్కుకుంటుంటే కత్తిరించాలి, లేకపోతే వద్దు.

ఇద్దరు ఉండాలి. ఒకరు పలచని తువ్వాలుతో పక్షిని చుట్టి, తలను బొటనవేలు, చూపుడువేలుతో రెండు దవడల పక్కల నిదానంగా పట్టుకోవాలి. రొమ్ము మీద ఏమాత్రం ఒత్తిడి పడకూడదు. పక్షులకు మనకున్న డయాఫ్రం (ఊపిరి తీసుకోవడానికి సాయపడే కండరపు పొర) లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే ముక్కు తెరిచి ఉన్నా ఊపిరాడక చనిపోతుంది. రెండో వారు గోరు కొన మాత్రమే, ఒక మిల్లీమీటరు మించకుండా కత్తిరించాలి. లేతరంగు గోళ్లలో రక్తనాళం గులాబీగా కనిపిస్తుంది, నల్ల గోళ్లలో కనిపించదు కాబట్టి అక్కడ ఆకురాయితో అరగదీయడమే మేలు. రక్తం వస్తే మొక్కజొన్న పిండిలో గోరు గుచ్చి ఒత్తి పట్టుకోండి. పిండి ముందే దగ్గర పెట్టుకోవాలి. పక్షి ముక్కు తెరిచి రొప్పుతుంటే ఎన్ని గోళ్లు మిగిలినా వదిలేయండి, మిగతావి రేపు.

ప్రశ్న: మా బడ్జీ నాలుగు రోజులుగా ఒక కాలు ఈడుస్తోంది. దెబ్బ, వాపు ఏమీ లేవు. కాలికి కట్టు కట్టాలా?

జవాబు: కట్టు కట్టొద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఈ వారంలో కాదు, రేపే. పక్షుల్లో కాలికి వెళ్లే ప్రధాన నాడి మూత్రపిండం గుండా పోతుంది. అక్కడ వాపో కణితో వస్తే నాడి నొక్కుకుని కాలు పడిపోతుంది. బడ్జీల్లో మూత్రపిండం, వృషణం, అండాశయాల కణితులు అరుదు కావు, వాటి మొదటి గుర్తు చాలాసార్లు ఒంటికాలి కుంటే. ఆడపక్షి అయితే గుడ్డు అడ్డుపడటం కూడా కారణం కావచ్చు. పొట్ట కింద ఉబ్బి, తోక ఊపుతూ ముక్కుతుంటే ఆ క్షణమే వెళ్లాలి. వెళ్లేలోగా కర్రలన్నీ నేలకు నాలుగు సెంటీమీటర్ల ఎత్తుకు దించి, అడుగున తువ్వాలు పరచి, తిండీ నీళ్లూ పక్కనే పెట్టండి.

కాలికి రింగు ఉంటే దాని కింద చూడండి. చర్మం వాచి రింగు బిగిస్తే అది ఇంట్లో శ్రావణంతో కోసే పని కాదు, ఎముక విరుగుతుంది.

ప్రశ్న: ఇంకో బడ్జీకి ముక్కు మీదా కాళ్ల మీదా తెల్లటి తేనెపట్టులాంటి గరుకు పొర కడుతోంది. నూనె రాస్తున్నాం.

జవాబు: ఇది నెమిడోకాప్టీస్ అనే కంటికి కనిపించని నల్లి (మైట్) వల్ల వస్తుంది. నూనె పైపొరను మెత్తబరుస్తుంది, నల్లి లోపలే ఉంటుంది. డాక్టరు బరువును బట్టి ఐవర్‌మెక్టిన్ లాంటి మందు ఇస్తారు, సాధారణంగా రెండు వారాల ఎడంలో రెండు మూడు సార్లు. బడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములే కాబట్టి మోతాదు మీరు ఊహించి వేస్తే ప్రాణం పోతుంది. పక్కనున్న పక్షులకూ చూపించండి. చెక్క కర్రలు, గూడు పెట్టెలు పారేయాలి. కీళ్ల దగ్గర గట్టి తెల్లటి గుండ్లలా కనిపిస్తే మాత్రం అది నల్లి కాదు. యూరిక్ ఆమ్లం పేరుకునే గౌట్ అయ్యుండొచ్చు, మూత్రపిండాల పరీక్ష చేయించాలి.

ప్రశ్న: ముసలి అమెజాన్ చిలక రాత్రిళ్లు కర్ర మీంచి జారి పడుతోంది. వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు.

జవాబు: కీళ్లవాతం అయ్యే అవకాశం ఎక్కువ. ఎక్స్‌రే తీయించి నొప్పికి మందు రాయించుకోండి, మనుషుల మాత్రలు వేయకండి. పట్టుకోలేని పాదానికి పట్టుకోవలసిన అవసరమే లేకుండా చేయాలి. 20 నుంచి 25 సెంటీమీటర్ల చదును పలక మీద పొట్టి పోగుల తువ్వాలు బిగించి పరచి, దాన్ని పంజరం ఎత్తులో సగానికి, గోడ వైపు మూలలో పెట్టండి. పైకి ఎక్కే అలవాటు మానదు కాబట్టి అక్కడికి చేరడానికి మెట్లలా రెండు చదును కర్రలు అమర్చండి, పలకకన్నా పైన ఏదీ ఉంచకండి. పలక అంచుకు ఒక సెంటీమీటరు గట్టు పెడితే నిద్రలో జారదు. కింద తీగ వల ఉంటే తీసేసి, పడినా దెబ్బ తగలకుండా మెత్తటి తువ్వాలు రెండు మడతలు వేయండి. పలక మీది గుడ్డ రోజూ మార్చాలి. చదునుగా నిలబడే పక్షికి రెట్ట పాదాల కిందే పడుతుంది, ఇంతకుముందు కర్ర తప్పించిన పుండు ఈ గుడ్డ వల్ల రాకూడదు.